గవరయ్య నడుము సైన్సు

ఆ ఏడు ఎండలకి అడవి అంచున గడ్డిపరక మిగల్లేదు. పచ్చగా ఉన్నదల్లా ఒక్క తుమ్మచెట్టు, దాని ఆకులేమో మేకకి అందనంత ఎత్తులో ఉన్నాయి. బొల్లి అనే మేకకి పాలు ఎండిపోయాయి. దాని పిల్ల బుడంకాయ పొద్దస్తమానం ఖాళీ పొదుగు కుమ్మి కుమ్మి ఏడుస్తోంది. కళ్లముందు పిల్ల చిక్కిపోతుంటే ఏ తల్లికి మనసు నిలుస్తుంది చెప్పండి.

సరిగ్గా అప్పుడే దిగాడు నక్క గవరయ్య. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఇలాంటివాళ్లకి భలే తెలుస్తుంది.

"జిరాఫీకి అంత మెడ ఎలా వచ్చిందనుకున్నావు బొల్లమ్మా? దాని తాతలు పైకొమ్మల కోసం మెడలు సాగదీసీ సాగదీసీ పెంచుకున్నారు. సాగిన మెడ పిల్లలకొచ్చింది. వాడితే పెరుగుతుంది, వాడకపోతే పోతుంది. ఇది సైన్సు."

"నన్నేం చెయ్యమంటారు?"

"కళ్లు మూసుకుని మెడ పైకి సాగదీస్తూ ఉండు. కిందికి చూశావో, సాగిందంతా లోపలికి పోతుంది. పిల్లని నేను చూసుకుంటాలే."

ఆ చివరిమాట అంటుంటే గవరయ్య నోరూరి గడ్డం తడిసింది. బొల్లి అది చూసింది. దానికి ఆకలేగాని మతి పోలేదు.

"ఒక్క సందేహం గవరయ్యగారూ. మా కాపరి ఆనవాలు కోసం మా అమ్మమ్మ చెవి కోశాడు, మా అమ్మ చెవీ కోశాడు. నేను మాత్రం నిండు చెవులతోనే పుట్టాను. కోసిన చెవి రానిది, సాగిన మెడ ఎలా వస్తుంది?"

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. "చెవి వేరు, మెడ వేరు. చెవికి పట్టుదల ఉండదు."

ఈయనతో వాదన దండగనుకుంది బొల్లి. "సరే. మరి బరువు మోస్తే నడుము పెరుగుతుందా?"

"పెరగదూ మరి? ఏనుగు అలాగే తయారైంది."

"మీరు మోసినా ఏనుగంత అవుతారా?"

గవరయ్య ఆలోచనలో పడ్డాడు. ఊరకుక్కలు రోజూ తరుముతున్నాయాయె. ఏనుగంత నక్క జోలికి ఏ కుక్క వస్తుంది? అబద్ధం తనదే అయినా వినడానికి ఎంత బాగుందంటే, తనే నమ్మేశాడు. చెట్టు కింద నిలబడి "ఎక్కు" అన్నాడు.

బొల్లి ఆయన వీపు మీదికి ఎక్కింది. కొమ్మ చక్కగా అందింది. "ఏమన్నా తెలుస్తోందా?" అంది నములుతూ.

"తొండం వస్తున్నట్టుంది," అని మూలిగాడు గవరయ్య. "ముక్కు దురద పెడుతోంది."

"కదలకండి. కదిలితే పెరిగిందంతా లోపలికి పోతుంది."

ఈ వార్త విని మందంతా వచ్చి వరస కట్టింది. ఒక్కొక్కటే ఎక్కి మేసి దిగాయి. ఆఖరున మేకపోతు ఎక్కేసరికి గవరయ్య నడుము కటుక్కుమంది.

సాయంత్రానికి బొల్లికి పాలు చేపుకొచ్చాయి, బుడంకాయ కడుపునిండా తాగి అక్కడే నిద్రపోయింది. గవరయ్య మాత్రం వంకరనడుముతో పాక్కుంటూ ఇల్లు చేరాడు. "మేకపిల్ల ఏది?" అంది పెళ్లాం.

"మేకపిల్లెందుకే, ఈ కాన్పులో మనకి ఏనుగులు పుడతాయి," అన్నాడు.

కాన్పయింది. అన్నీ నక్కపిల్లలే. నాన్న నడుము వంకర కూడా ఒక్కదానికీ రాలేదు.

నీతి: ఎదుటివాళ్ల మెడకోసం అల్లిన అబద్ధాన్ని తానే నమ్మితే, విరిగేది తన నడుమే.