నక్క గురవయ్య గండి దిగిన వైనం

ఏనుగురాళ్ళ గండి అంటే అడవిలో పులికైనా జంకే. కొండను నడిమికి చీల్చినట్టు నల్లరాయి, ఆ చీలికలో అంచెలంచెలుగా కిందికి దూకే ఏరు. ఒక్క అంచె దిగామా, మళ్ళీ పైకెక్కడం కల్ల. ఇక కిందికి పోవడమొక్కటే దారి.

ఆ పొద్దు మేక మచ్చమ్మ గండి అంచున నిలబడి గొల్లుమంటోంది. ఆమె పిల్ల చిట్టి నీళ్ళు తాగబోయి, పాచిమీద కాలుజారి జర్రున లోపలికి పోయింది. అడుగునుంచి సన్నగా దాని అరుపు వినబడుతోంది. చుట్టుదారిన పోతే పొద్దుగూకుతుంది. పొద్దుగూకితే అక్కడికి చిరుతపులి నీళ్ళకొస్తుంది. ఇక చిట్టి దక్కదు.

"ఏడవకు కోడలా!" అంటూ పొదచాటునుంచి వచ్చాడు నక్క గురవయ్య. గోతికాడ నక్క అంటారే, అచ్చంగా ఆ వంశమే. "ఈ గండి నాకు కొట్టినపిండి. పద, దింపుతా."

"నిన్నెట్లా నమ్మేది మావా?"

"నమ్మకపోతే మానెయ్. నాదేం పోయింది?"

మునిగేవాడికి గడ్డిపరకే ఆసరా. మచ్చమ్మ సరేనంది.

"ముందు నువ్వు దూకు. పెద్దవాణ్ణి, వెనకాల నేను కాపు కాస్తా," అన్నాడు గురవయ్య.

అసలు సంగతేమిటంటే, వాడు ఆ గండి మొహం ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. మేక పడ్డ చప్పుడు విని, లోతుందని తెలిశాక తాను దూకాలి. ఎక్కడో ఓ చోట దాని కాలు విరక్కపోతుందా? అప్పుడు కొమ్ములతో పోట్లాడే బాధ లేకుండా ముందు తల్లి, ఆనక పిల్ల.

మచ్చమ్మ కళ్ళు మూసుకుని దూకింది. బుడుంగున మునిగి తేలి కళ్ళు తెరిచింది. అటూ ఇటూ నున్నటి నల్లరాతి గోడలు నిటారుగా లేచాయి. ఆకాశం తలపైన సన్నటి చారంత మిగిలింది. రాతినిండా కుండల్లాంటి గుంటలు, మెలికలు. "ఓరి దేవుడో! ఇంత మెత్తటి నీళ్ళా ఇంత బండను అరగదీసింది!" అనుకుంది. భయం పోలేదు గానీ, ఆ భయంలోనే తలవంచి మొక్కాలనిపించింది.

"చూశావా మావా, ఎంత గొప్పగా ఉందో!"

వెనకే దూకి ఒడ్డెక్కిన నక్క ఒళ్ళు దులుపుకున్నాడు. "ఆఁ, రాయే కదా! నడు, నడు."

రెండో అంచె మరీ ఇరుకు. రెండు గోడలకూ గిట్టలు తన్నిపెట్టి మచ్చమ్మ మెల్లగా దిగింది. కింద కదలని మడుగు. నీళ్ళమీద ఎండపొడ పడి మెరుస్తోంది. వంగి చూస్తే తన మొహం వెనకాల నక్క మొహం కనబడింది. వాడు ఆమె కాళ్ళకేసే చూస్తూ మూతి నాక్కుంటున్నాడు.

'ఓహో, ఇదా నీ కాపు!' అనుకుంది మచ్చమ్మ. ఏమీ ఎరగనట్టే ముందుకు నడిచింది.

ఇక చివరి అంచె. ఏరు ఏరంతా ఒక్కసారిగా కిందికి పడుతోంది. ఆ హోరుకు కాళ్ళకింద బండ అదురుతోంది. తుంపర్లలో ఇంద్రధనుస్సు నిలిచింది. మచ్చమ్మ ఆ రంగులకేసే చూస్తూ ఒక్క క్షణం బిడ్డనే మరిచిపోయి, అంతలోనే సిగ్గుపడింది. అప్పుడు కనబడింది, నీటితెర వెనకాల ఏటవాలుగా కిందికి దిగే సన్నటి రాతిగట్టు. మేక నడవడానికి సరిపోతుంది.

"దూకుతున్నా మావా!" అని మలుపు వెనకాల ఆగిన నక్కకు కేకేసి, అంచున ఉన్న రాతిగుండును వెనక్కాళ్ళతో ఒక్క తాపు తన్నింది. అది దొర్లిపడేలోగా తెరచాటుకు దూరింది. కింద దభీమని చప్పుడయింది.

"పడింది! లోతు బాగానే ఉంది," అనుకుని గురవయ్య కళ్ళు మూసుకుని దూకేశాడు. సుడి వాణ్ణి గిరగిరా తిప్పి తిప్పి నడిమి బండమీదికి విసిరికొట్టింది. చుట్టూరా సుడులే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మచ్చమ్మ తడిగట్టు పట్టుకుని అడుగుకు చేరింది. ఇసుకలో వణుకుతూ నిలబడ్డ చిట్టి ఒక్క గెంతు గెంతి వచ్చింది.

"ఇంతసేపేమిటే అమ్మా!"

"వచ్చాగా నా తల్లీ, వచ్చేశా!"

నడిమి బండమీద గురవయ్య గొంతు చించుకున్నాడు. "కోడలా! ఇక్కడ లోతెంతుందో కాస్త దిగి చెప్పవూ!"

జలపాతం హోరులో ఆ అరుపు ఆమెకు వినబడనేలేదు. బిడ్డను నాకుతూ గండి బయటికి నడిచింది.

ఎదుటివాడి కాళ్ళతో లోతు చూసేవాడికి, తన కాలు ఎక్కడ మోపాలో ఏనాటికీ తెలియదు.