లోయలోంచి తెచ్చిన ఇంజను

అనగనగా, రాజులు పోయి వాళ్ల దారుల్లో కార్లు తిరిగే కాలంలో, ఒక కొండ కింది ఊళ్లో పోలినాయుడనే డ్రైవరు ఉండేవాడు. నాకు సైకిలు చైను ఎక్కించడమే రాదు. ఇంజన్ల కథ చెబుతున్నాను, ఓర్చుకోండి.

పోలినాయుడిది బుల్లి కారు. నలుగురెక్కితే చాలు, ఘాట్ రోడ్డు మూడో మలుపులో ఆయాసపడి ఆగిపోయేది. పుట్టింటికి వచ్చిన కూతురు పైడమ్మకేమో నెలలు నిండుతున్నాయి. ఆసుపత్రి కొండ అవతల.

మెకానిక్ మస్తాన్ అన్నాడు: "మామా, టర్బో పెడదాం. వృథాగా పోయే పొగే చిన్న పంకాను తిప్పి, ఇంజనుకు ఊపిరి ఎక్కువ పోస్తుంది. అయితే ముందు ఆ బలానికి తట్టుకునేలా పిస్టన్లు గట్టివి వెయ్యాలి. కాన్పుకు ఇంకా వ్యవధి ఉంది, కొన్నాళ్లు ఓపిక పట్టు."

"ఓపికా!" అన్నాడు బావమరిది జోగులు. "మూడో మలుపు నుంచి ఒక కుటుంబంతో సహా లోయలో పడ్డ పెద్ద కారు ఇంజను ఊరికే ఉంది. పెట్టించెయ్ బావా, మేకకు ఏనుగు గుండె!"

పోలినాయుడికి ఏనుగే నచ్చింది. మస్తాన్ తల అడ్డంగా ఊపుతూనే కొన్ని వారాలు కష్టపడి బిగించాడు. బానెట్ మూతపడక తాడుతో కట్టారు. దిష్టికి నిమ్మకాయ వేలాడదీశారు. దిష్టి నిమ్మకాయ బయటి దయ్యాన్ని రానివ్వదు, లోపలున్నదాన్ని పోనివ్వదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

మొదటిరోజు మూడో మలుపులో స్టీరింగు దానంతటదే లోయవైపు తిరిగింది.

"బిగుసుకుందిలే బావా," అన్నాడు జోగులు.

రెండోరోజు తాళం తీసినా ఇంజను ఆగలేదు. బానెట్ కింద పిల్లలు నవ్వారు.

"రేడియోలే బావా."

ఆ కారులో రేడియో లేదు.

మూడోరోజు పైడమ్మకు నొప్పులొచ్చాయి, కారెక్కించి బయల్దేరారు. మిట్టమధ్యాహ్నమే మంచు కమ్మింది. అదే మలుపులో ముందు చక్రం అంచు మీదికి వెళ్లి ఆగింది.

"నావాళ్లు కిందే ఉన్నారు," అంది ఇంజను, మెల్లగా. "దిగిపోతాను."

"వదిలేస్తామని చెప్పెయ్ బావా! గట్టెక్కాక చూసుకుందాం," గొణిగాడు జోగులు.

"అబద్ధమాడను," అన్నాడు పోలినాయుడు. దిగి నిమ్మకాయ తెంపి పారేశాడు. "నిన్ను అడక్కుండా తెచ్చాను, తప్పు నాది. ఈ పిల్లను దాటించు తల్లీ. రేపు నిన్ను నీ కారులోనే పెడతాను. నా కారు నడవకపోయినా సరే."

చక్రం మెల్లగా వెనక్కి వచ్చింది. కొండ అవతల మనవరాలు పుట్టింది.

మర్నాడు ఇంజనును తాళ్లతో లోయలోకి దింపారు. అక్కడ తుప్పుపట్టిన కారు బానెట్ తెరుచుకుని ఉంది. ఇంజను లోపల పెట్టగానే బానెట్ దానంతటదే మూసుకుంది. జోగులు పైకి ఎక్కిన వేగం ఏ టర్బోకూ రాదు.

మస్తాన్ పాత ఇంజనునే గట్టిపరచి, టర్బో బిగించాడు. బుల్లి కారు ఇప్పుడు ఈలవేస్తూ కొండెక్కుతుంది. ఆ మలుపు దగ్గర లోయలోంచి ఒక హారను బదులు పలుకుతుంది.

కాబట్టి పిల్లలూ, ఉన్న గుండెకే ఓర్పుతో ఊపిరి పోసుకోవాలి; పరాయి గుండె అడక్కుండా తెచ్చుకుంటే, అది తన దారిన పోతూ మనల్నీ తీసుకుపోతుంది.