మరిడమ్మ చెంబు

సముద్రం ఇప్పటికంటే నాలుగు కొబ్బరితోటల అవతల ఉన్న రోజుల్లో, ముంతలంక అనే ఊళ్ళో మరిడమ్మ అనే చాకలి ఆవిడ ఉండేది. ఊరందరి మురికీ ఆవిడకు తెలుసు. అందుకే ఆవిడంటే అందరికీ మర్యాద.

ఆ ఊళ్ళో మూడు నూతులు. కామందు వీర్రాజు వరిచేలు కౌలుకు తీసుకుని, ఉప్పునీళ్ళు పెట్టి, రొయ్యల చెరువులు వేశాడు. మొదటి ఏడు తూర్పు నూతి నీళ్ళలో కుంకుడుకాయ నురగ రావడం మానేసింది. రెండో ఏడు పడమటి నూతి నీళ్ళలో కందిపప్పు ఉడకడం మానేసింది. ఊరు మాత్రం చేలు కౌలుకివ్వడం మానలేదు. ఉప్పునీళ్ళు అరుగుదలకు మంచివని మునసబు చెప్పాడు. తనకు మాత్రం మరిడమ్మ గుడిసె పక్క నూతి నుంచి తెప్పించుకునేవాడు. తియ్యగా మిగిలింది అదొక్కటే.

మూడో ఏడు వీర్రాజు ఆ నూతి పక్కనే చెరువు తవ్విస్తానన్నాడు. గుడిసె తీసెయ్యమని చీర పట్టుకొచ్చాడు.

"చీర బాగుంది బాబూ. ఏ నీళ్ళతో ఉతుక్కోను?" అంది మరిడమ్మ.

రెండోసారి మునసబును తీసుకొచ్చాడు.

"ఊరంతా ఒప్పుకుంది. నీకేమిటే?" అన్నాడు మునసబు.

"మీ ఇంటి కడవ నిండింది. వెళ్తూ పట్టుకెళ్ళండి."

మూడోసారి పారలవాళ్ళను తీసుకొచ్చాడు. ఆ చోటి నీళ్ళు గుక్కెడు తాగందే మొదటి పార వెయ్యకపోవడం వాళ్ళ ఆచారం. మరిడమ్మ చెంబు అందించింది. వాళ్ళ మేస్త్రి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"ఏం నీళ్ళమ్మా ఇవి?"

"పడమటి నూతివి. కిందటేడు నువ్వు చెరువు తవ్వావే, దాని పక్కవి."

"అప్పుడు తాగితే తియ్యగానే ఉన్నాయే."

"అప్పటికింకా నువ్వు తవ్వలేదు గదా, నాయనా."

రెండో చెంబు ఇచ్చింది. మేస్త్రి గుటగుటా తాగాడు.

"ఇవి?"

"ఇవాళ నువ్వు తవ్వబోయే చోటివి."

మేస్త్రి పార భుజాన వేసుకున్నాడు. మిగతావాళ్ళూ వేసుకున్నారు.

"తవ్వరా," అన్నాడు వీర్రాజు.

"మీరే తవ్వుకోండి, బాబూ."

వీర్రాజు ఒక పార లాక్కుని తవ్వాడు. ఒక పార, రెండు పారలు, మూడు పారలు. చతికిలబడి మంచినీళ్ళడిగాడు. మరిడమ్మ మొదటి చెంబే అందించింది.

ఆయన తాగలేదు. మళ్ళీ రాలేదు.

మరిడమ్మ నిండు ముసలితనంలో పోయింది. ఆ ఉపాయం తనదేనని మునసబు బతికినన్నాళ్ళూ చెప్పుకున్నాడు.

ఈనాటికీ ఆ వైపు పారలవాళ్ళు తవ్వబోయే ముందు, పక్కనున్న నూతి నీళ్ళు తాగుతారు. తియ్యగా ఉంటే, "ఇక్కడ మరిడమ్మ ఉంది," అని వెనక్కి తిరుగుతారు. కామందులు కేకలేస్తారు. పార మాత్రం దిగదు.