పండగ నాటి వాగు

గురివిందకోన అడవిలో కుందేళ్లు, కణుజు దుప్పులు, నెమళ్లు, ఎలుగుబంట్లు ఉండేవి. అడవి చివర, వాగు ఒడ్డున ఉడుములపాడు అనే చిన్న ఊరుంది. ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో అక్కడి ఉడుములు పండగ చేసేవి. అడవి జంతువులు పిల్లాపాపలతో వెళ్లి, పూలు తిని, ఎండిన వాగు ఇసుకలో ఆడుకుని వచ్చేవి.

ఆ ఏడు తెల్లమ్మ అనే కుందేలు కూడా బయలుదేరింది. అసలు దానికి ఇల్లు కదలడమే ఇష్టం లేదు. ఒక్కగానొక్క కొడుకు బుల్లెయ్య ఏడ్చి గోల చేస్తే తప్పలేదు.

ఊళ్లో అడుగు పెట్టగానే ముసలి ఉడుమవ్వ చుట్టాలందరినీ పలకరించింది. వాగు మధ్యలో, తాగే నీళ్ల కోసం ఇసుకలో తవ్విన చెలమను చూపించింది.

"ఇక్కడ చుక్క పడకపోయినా, పైన కొండల్లో వాన కురిస్తే వాగు పొంగుతుంది. ఈ చెలమ మీద ఓ కన్నేసి ఉంచండి. నీళ్లు ఎర్రబడితే వెంటనే గట్టెక్కేయండి" అంది.

కొమ్మురాజు అనే కణుజు పెద్దగా నవ్వాడు. తను దాటని ఏరు లేదని, మబ్బు తునకైనా లేని రోజున వరద ఏమిటని వెక్కిరించాడు. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఇసుకలో పరుగులు తీశాడు. బుల్లెయ్య కూడా ఎక్కాడు. డప్పులు మోగుతున్నాయి. అందరూ ఆటల్లో పడ్డారు.

తెల్లమ్మకు మాత్రం ఇప్పపూల మీదికి మనసు పోలేదు. మాటిమాటికీ చెలమ దగ్గరికి పోయి తొంగి చూసింది. నెమళ్లు దాన్ని చూసి ముసిముసిగా నవ్వుకున్నాయి. సిగ్గేసి ఓ మూల కూర్చుంది. కూర్చోలేక మళ్లీ లేచింది.

ఈసారి నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఎవరో కాలు పెట్టి కలిపారేమో, అరిస్తే అందరూ నవ్వుతారేమో అని ఒక్క క్షణం తటపటాయించింది. అంతలోనే కొడుకు గుర్తొచ్చాడు. నీళ్లు ఎర్రబడ్డాయని అరుస్తూ వాడి దగ్గరికి పరిగెత్తింది. పిల్లలు బెదిరి కణుజు వీపు మీది నుంచి దూకి గట్టు వైపు పారిపోయారు. ఇసుకలో ఉన్న మిగతావాళ్లూ వాళ్ల వెంట గట్టెక్కారు. బుల్లెయ్య ఒక్కడే దిగలేదు.

"అమ్మా, అందరూ చూస్తున్నారు" అన్నాడు, తల దించుకుని.

"చూడనీరా" అని తెల్లమ్మ వాడి చెవి పట్టి లాగి, గట్టు మీదికి ఈడ్చుకుపోయింది.

కొమ్మురాజు కదల్లేదు. నీళ్లు వస్తే ఒక్క గెంతులో ఒడ్డున ఉంటానన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే, చెట్ల కొమ్మల్ని దొర్లించుకుంటూ ఎర్రనీళ్లు వంపు తిరిగి వచ్చిపడ్డాయి. గెంతడానికి కాలు ఆనలేదు. వాగు అతణ్ని లాక్కుపోయింది.

ఉడుములు ఒడ్డు వెంబడి వెతుక్కుంటూ పోయి, ఒక ముళ్లపొదలో చిక్కుకున్న కణుజును బయటికి లాగాయి. ప్రాణం దక్కింది గానీ, ఒక కొమ్ము మొదలంటా విరిగిపోయింది. ఆ తర్వాత కొమ్మురాజు ఏ ఊరు వెళ్లినా, ముందు అక్కడివాళ్లను అడిగి గానీ కాలు పెట్టలేదు.

ఆ రోజు తెల్లమ్మ బుల్లెయ్యను ఒళ్లో పెట్టుకుని గట్టు మీదే కూర్చుంది. తల్లులందరూ పిల్లల్ని తీసుకుని దాని పక్కకు వచ్చి కూర్చున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నీతి: కొత్త ఊళ్లో ఆ ఊరివాళ్ల మాట వినాలి. నలుగురూ నవ్వుతారని జాగ్రత్తను వదులుకోకూడదు.