రెండో ఫిల్టర్

నాగవేణికి ఏడుపొక్కటే తక్కువ. చేతిపంపు ఎనభై సార్లు కొట్టింది. జబ్బలు పట్టేశాయి, అరచేతులు మండిపోతున్నాయి. పంపు మీదున్న మీటరు ముల్లు మెల్లగా పైకి పోతూనే ఉంది. గాలి ఒత్తిడితో పేలే ఆమె రైఫిల్ సిలిండర్ మీటరు ముల్లు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

ఇదేం మాయ! గాలి పోతున్నట్టా, పోనట్టా?

కర్నూలు షూటింగ్ రేంజిలో ఆ రోజు రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ. పదకొండింటికి ఆమె వంతు. గాలి నింపే పెద్ద ట్యాంకు ముందురోజే ఖాళీ అయింది, ఇక చేతిపంపే గతి. పోయినేడు అరపాయింటు తేడాతో జట్టులో చోటు పోగొట్టుకున్న పిల్ల. ఈసారీ పోతే ఇంట్లో వాళ్లు ఆ రైఫిల్‌ను అటకెక్కించడం ఖాయం.

జాయింట్లకు సబ్బునీళ్లు రాసి చూసింది. ఒక్క బుడగ లేదు. లీకు లేనప్పుడు ఇంత గాలీ ఏ గంగలో కలిసినట్టు?

అప్పుడొచ్చారు దస్తగిరి సారు. ముప్పయ్యేళ్లుగా అక్కడ గురి నేర్పుతున్న మనిషి. పది మాటలడిగితే ఒక్కటి చెబుతారు, అదీ దయ కలిగితేనే.

"సార్, పంపు చెడిపోయిందా? మీటరు అబద్ధం చెబుతోందా? నాకేమీ అర్థం కాలేదు సార్!"

సారు పంపు వైపు చూశారు. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. సిలిండర్‌లో నీరు చేరి తుప్పు పట్టకుండా తేమ పీల్చే ఫిల్టర్ ఒకటి ఆయనే పెట్టించారు. దాని వెనక ఇంకో ఫిల్టరూ, దానికి రెండు మీటర్ల గొట్టమూ వారం కిందట నాగవేణే తెచ్చి బిగించింది. పంపు అదురు రైఫిల్‌కు తగలకూడదట, అందుకని అంత పొడుగు గొట్టం!

సారు వంగి గాలి వదిలే మర తిప్పారు. బుస్సుమని గాలి పోతూనే ఉంది.

"అయ్యో సార్! నా ఎనభై దెబ్బలూ పాయె!"

"తుపాకిలోకి పోయినాయా అవి?"

నాగవేణి రైఫిల్ మీటరు చూసింది. ముల్లు ఉన్నచోటే ఉంది. అంటే ఇంతసేపూ గాలి గొట్టంలో, ఫిల్టర్లలో కూర్చుందా? అంత చిన్నవాటికి ఎనభై దెబ్బలా? బుర్ర తిరిగిపోయింది.

సారు రెండు ఫిల్టర్లూ విప్పి, లోపలి దూదిని ఆమె చేతుల్లో పెట్టారు. కుడిచేతిలోది, మొదటి ఫిల్టర్‌ది, పిండితే నీళ్లు కారాయి. ఎడమచేతిలోది, రెండోదానిది, పొట్లంలోంచి అప్పుడే తీసినట్టు పొడిగా ఉంది.

"అయితే ఫిల్టరే దండగా సార్? రెండూ పీకేద్దామా?"

సారు మొదటి ఫిల్టర్‌లో కొత్త దూది పెట్టి, దానికి జానెడు గొట్టం బిగించారు. రెండోదాన్నీ, పొడుగు గొట్టాన్నీ బల్ల కింద పడేశారు.

"కొట్టు."

దూది బల్ల మీద పెట్టి, గొణుక్కుంటూనే కొట్టింది. పది. ఇరవై. "ఇదీ అంతే సార్!" అంది. సారు బయట వానను చూస్తున్నారు. ముప్పై దాటాక, గొట్టంలో ఒత్తిడి సిలిండర్‌లోని గాలి ఒత్తిడిని మించగానే, రైఫిల్ మీటరు ముల్లు చటుక్కున లేచింది. నాగవేణి కళ్లు పెద్దవయ్యాయి. పంపు వేడెక్కినప్పుడల్లా ఆగుతూ, మళ్లీ కొడుతూ, సిలిండర్ నింపేసరికి లోపల ఆమె పేరు పిలవనే పిలిచారు.

రైఫిల్ అందుకుంది గానీ కాలు కదల్లేదు. "ఒకటి మంచిదైతే రెండు ఇంకా మంచివి కావాల గదా సార్?"

"రెండోది ఎందుకు పెట్టినావు?"

తుప్పు సంగతి చెప్పబోయింది. బల్ల మీది పొడి దూది కంటబడింది. లోపల మళ్లీ పేరు పిలుస్తున్నారు.

"పోయినేడు లాగా ఏమన్నా అయితాదేమోనని... భయమేసి, సార్."

"మరి ముందు ఆ భయం కడుపు నిండాల పాపా. తుపాకి సంగతి ఆ తర్వాతే."