వాగు ఒడ్డు టేకు

ఆదిలాబాద్ అడవుల్లో చెట్లను పరీక్షించి పాతకాలపు వానల సంగతి చెప్పే ఇందుశేఖర్‌కు తెలివికి కొదవ లేదు గానీ, ఒళ్లు వంచమంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది.

ఒకసారి గుట్ట కింది గూడెంలో చెరువు తవ్వాలనుకున్నారు. ఎంత లోతు తవ్వాలో తేలాలంటే, అక్కడ వెనకటి కరువులు ఎంత గట్టివో తెలియాలి. ఆ పని ఇందుశేఖర్‌ మీద పడింది.

"గుట్ట మీద ముసలి టేకు చెట్లున్నయి సారూ, పోదమా?" అన్నాడు గూడెం పెద్ద లచ్చు పటేల్.

ఇందుశేఖర్ తలెత్తి చూశాడు. అమ్మో, నిట్టనిలువు గుట్ట! పక్కనే వాగు ఒడ్డున ఏపుగా పెరిగిన టేకు, దాని కింద చల్లటి నీడ.

"ఏదైతేనేం పటేలా, టేకు టేకే!" అంటూ ఆ చెట్టుకే రంధ్రం తొలిచే బర్మా దించి, పెన్సిలంత సన్నటి కలప పుల్ల లాగాడు. ఆ నీడలోనే అన్నం తిని, ఓ కునుకు కూడా తీశాడు.

చెట్టులో ఒక్కో వలయం ఒక్కో ఏడాది. ఆ కలపలో తేలిక ఆక్సిజన్‌తో పాటు బరువు ఆక్సిజన్ కూడా ఉంటుంది. వానలు తగ్గిన ఏడు బరువుది పెరుగుతుంది. ఇందుశేఖర్ ప్రతి వలయాన్నీ పరీక్షించాడు. ఆ లెక్కలతో ఏడాదివారీగా గీసిన గీత ఎగుడుదిగుడు లేకుండా సాఫీగా వచ్చింది. "ఇక్కడ కరువన్నదే లేదు. చెరువు కాస్త తవ్వితే చాలు" అని తేల్చి, తన పై అధికారి వాసంతి మేడమ్‌కు చూపించాడు.

"ఏ చెట్టయ్యా ఇది?"

"వాగు ఒడ్డుది మేడమ్. నీడ భలే ఉంటుంది!"

మేడమ్ పకపకా నవ్వింది. "వాగు నీళ్లు తాగే చెట్టుకు వాన పడితేనేం, పడకపోతేనేం? నీ మాట నమ్మి లోతు తగ్గిస్తే, వానల్లేని ఏడు ఆ గూడెం పిల్లాపాపలు ఏం తాగుతారు?"

ఇందుశేఖర్‌కు తల కొట్టేసినట్టయింది. మర్నాడే రొప్పుతూ గుట్టెక్కాడు.

"టేకు టేకే అంటివి గద సారూ!" అని నవ్వాడు లచ్చు పటేల్.

"బుద్ధి గడ్డి తిని అన్నాను పటేలా!"

వాన నీటి మీదే బతికిన ఆ బక్క టేకులు పాత కరువులన్నీ దాచకుండా చెప్పాయి. చెరువును బాగా లోతుగా తవ్వారు. రెండేళ్లకు వానలు మొహం చాటేశాయి. చెరువు మాత్రం అడుగంటలేదు. చూడటానికి వెళ్లిన ఇందుశేఖర్‌ను పిల్లలు కేరింతలు కొడుతూ నీళ్లలోకి లాగేశారు.

కష్టమెరుగని వాడిని కష్టం గురించి అడిగితే నిజం తెలియదు. నిజం కావాలంటే, ఎంత దూరమైనా కష్టం చూసినవాడి దగ్గరికే వెళ్లి అడగాలి.