ఫోటోలో పిల్ల కాలేజీకెళ్ళింది

బుర్రా వారి ఇంటిల్లిపాదికీ తమ తెలివంటే మహా గర్వం. వానలో బయటికెళ్తే గొడుగు తడిసిపోతుందని దాన్ని కొంగు కింద దాచుకుని తెచ్చేవాళ్ళు.

"ఊళ్ళో ఇంత ముందుచూపు ఇంకెవరికుందిరా?" అనేది నాయనమ్మ మంగాయమ్మ.

"ఎవరికీ లేదే అమ్మా" అనేవాడు కొడుకు కోదండం.

"మనకే కాస్త ఎక్కువైంది" అని దిగులుపడేది కోడలు రమణమ్మ.

ఆ ఇంటి పిల్ల జలజ ఇంటర్‌లో చేరింది. చామనచాయ, కుడి బుగ్గ మీద మినపగింజంత పుట్టుమచ్చ. అచ్చం నాయనమ్మ మచ్చే. కాలేజీ ఇంకా తెరవనేలేదు, క్లాసు ఆడపిల్లలంతా అప్పుడే ఫోన్లో గుంపుగా చేరి ఫోటోలు పెట్టుకుంటున్నారు. జలజ కూడా పెరట్లో నిలబడి ఒకటి తీసుకుంది.

'అందంగా మార్చమంటారా?' అనడిగింది ఫోను. అంత మర్యాదగా అడిగితే కాదంటే ఏం బాగుంటుంది? సరేనంది. అంతే! రంగు తేలింది, ముక్కు సన్నబడింది, కళ్ళు పెద్దవయ్యాయి, మచ్చ మాయమైంది. ఇంకేముంది, లైకుల మీద లైకులు. 'ఎంత బాగున్నావే! రేపు నా పక్కనే కూర్చోవాలి' అని రాసింది హిమజ అనే పిల్ల.

సాయంత్రం దాకా జలజ గాల్లో తేలింది. జడ వేసుకుందామని అద్దం ముందుకెళ్ళేసరికి బుగ్గ మీద మచ్చ అలాగే ఉంది.

"అందరికీ ఫోటోలో పిల్లే ఇష్టం. నేను కాలేజీకెళ్ళను" అని ధాన్యం బస్తాల వెనక దూరింది.

ఇల్లంతా ఫోను చుట్టూ మూగింది. "అయ్యో, దీని మచ్చేదిరా? నా నుంచి దిగిన మచ్చ!" అని నాయనమ్మ గుండె బాదుకుంది. అంతే! కోదండం టార్చిలైటుతో మంచాల కింద దూరాడు. రమణమ్మ బియ్యమంతా చేటలో పోసి చెరిగింది. ఒక మినపగింజా, ఒక చీమా దొరికాయి. రెంటినీ పట్టుకెళ్ళి జలజ బుగ్గ మీద పెట్టబోయారు.

"మచ్చ ఇక్కడే ఉందిగా! మరి ఫోటోలో ఎవరే?" అంది రమణమ్మ.

"అది నేను కాదమ్మా!" అని బావురుమంది జలజ.

"అదే చెప్తోందిగా, వేరే పిల్లని" అన్నాడు కోదండం. "మన పిల్ల చుడీదార్ వేసుకుని మన పెరట్లోకొచ్చింది. ఎవరి బిడ్డో పాపం."

"కాలేజీలో అందరూ ఆ పిల్లనే రమ్మంటున్నారు నాన్నా."

"అయితే ఆ పిల్లనే పంపుదాం. ఇందులో ఏడవడానికేముంది?"

తెల్లారగానే రమణమ్మ ఫోనుకి కాస్త పౌడరద్ది, వంకాయ కూరతో క్యారేజీ కట్టింది. కోదండం బస్సులో రెండు టిక్కెట్లడిగాడు.

"రెండోవాళ్ళేరయ్యా?" అన్నాడు కండక్టరు.

"జేబులో ఉంది. మెల్లిగా మాట్లాడు, ఆడపిల్ల."

ఇంట్లో బస్తాల వెనక కూర్చున్న జలజకి కొత్త బెంగ పట్టుకుంది. ఆ పిల్ల ఈపాటికి హిమజ పక్కన కూర్చుని నవ్వుతూ ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి తన కంచంలో అన్నం కూడా తింటుందేమో! అప్పుడు తనెక్కడికి పోవాలి?

సాయంత్రం కోదండం ఉసూరుమంటూ వచ్చాడు. "బెంచీ మీద కూర్చోబెట్టా. హాజరు పిలిస్తే పలకలేదు. రేపు జలజ రాకపోతే పేరు కొట్టేస్తామంది ప్రిన్సిపాల్ మేడమ్. ఏ జలజండీ అంటే, ఆవిడ తల పట్టుకుంది."

రమణమ్మ క్యారేజీ తెరిచింది. "కూర ముట్టనే లేదు! తినదు, మాట్లాడదు, కదలదు. దీన్నెందుకు అందరూ మెచ్చుకుంటారు?"

"తినదు, మాట్లాడదు, కదలదు గనకే" అంది నాయనమ్మ. "కాపురానికొచ్చిన కొత్తలో నన్నూ అలాగే మెచ్చుకున్నారు."

జలజ మళ్ళీ ఏడుపందుకుంది. "రేపు వెళ్తే నువ్వెవరని అడుగుతారే నాయనమ్మా! ఆ పిల్లకీ నాకూ పోలికే లేదు."

"లేకపోతే తెద్దాం" అని నాయనమ్మ కాటుక భరిణె తీసి, ఫోను అద్దం మీద ఆ పిల్ల బుగ్గ చూసి చుక్క పెట్టింది. "ఇప్పుడు చూడు, అక్కాచెల్లెళ్ళల్లా లేరూ!"

జలజ కళ్ళు తుడుచుకుని ఫోటోలు జరిపి చూసింది. హిమజకి గడ్డం మీద మచ్చ. ఇంకో పిల్లకి ముక్కు మీద మచ్చ. వార్తలు చదివే ఆవిడకి మెడ మీద. వంటలు చేసే ఆవిడకైతే ఏకంగా వంకాయ మీదే!

"నాన్నా! అందరికీ మచ్చలొచ్చేశాయి!"

"మనల్ని చూసి నేర్చుకున్నారు" అన్నాడు కోదండం మీసం దువ్వుతూ.

ఇంకేముంది, మర్నాడు జలజ తలెత్తుకుని కాలేజీకెళ్ళింది. తన పేరు పిలిస్తే గట్టిగా పలికింది. పక్క పిల్ల ఉలిక్కిపడి తిరిగింది. ముఖం నిండా మొటిమలు.

"నువ్వా జలజవి? నేను హిమజని."

"నువ్వా హిమజవి? నీ గడ్డం మీద మచ్చేదీ?" అని జలజ ఫోను చూపించింది.

సరిగ్గా కనపడక, హిమజ బ్యాగు అడుగున దాచిన సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. చున్నీతో ఫోను తుడిచింది. అంతే! అందరి మచ్చలూ పోయాయి.

జలజ బెదిరిపోయి తన బుగ్గనీ చున్నీతో రుద్దుకుంది. చర్మం మండింది గానీ మచ్చ కదల్లేదు. "అమ్మయ్య, మా నాయనమ్మ మచ్చ గట్టిది!" అంది. హిమజ పగలబడి నవ్వింది. కళ్ళద్దాలు మాత్రం మళ్ళీ బ్యాగులో పెట్టలేదు.

ఇంటికెళ్ళి జలజ సంగతంతా చెప్పింది. "పాపం పిల్లలు!" అని నాయనమ్మకి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే కాలేజీ గేటు దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

"మచ్చలు పోగొట్టుకున్నవాళ్ళు వరసలో రండమ్మా! ఊరికే పెడతా."

కిలకిలా నవ్వుకుంటూ ఆడపిల్లలు బారులు తీరారు. ఆ గోలకి ప్రిన్సిపాల్ మేడమ్ ఊగిపోతూ వచ్చింది. "ఏంటమ్మా ఇదంతా?"

నాయనమ్మ ఆవిడ ముఖంలోకి జాలిగా చూసింది. "అయ్యో తల్లీ, నీదీ పోయిందా?" అని బుగ్గ మీద చుక్క పెట్టేసింది.

మేడమ్ కంగారుగా చేత్తో తుడుచుకుంది. కాటుక చెవి దాకా పాకింది.

"చూశారా, పెద్ద చదువంటే అదీ!" అంది నాయనమ్మ. "పెట్టీపెట్టగానే మచ్చ ఎంత ఎదిగిందో!"